పుస్తకం చదివిన చేతికి ఉలి అబ్బుతుందా?

ప్రశ్న: మాస్టారూ, మాది చీపురుపల్లి దగ్గర పల్లె. బీఎస్సీ అయ్యాక విశాఖలో ఒక ఆఫీసులో డేటా ఎంట్రీ చేశాను. మనసొప్పక వచ్చేసి, నిరుడు దసరా నుంచి ఒక వడ్రంగి మేస్త్రి దగ్గర పని నేర్చుకుంటున్నాను. మా ఇంటావంటా ఈ పని లేదు. ఆయన్ని బాబాయ్ అని పిలుస్తాను. వృత్తి నైపుణ్యం గురించి ఇంగ్లిష్ పుస్తకాలు తెప్పించుకుని రాత్రిళ్లు చదువుతున్నాను, వాటి జాబితా జత చేశాను. విజయనగరంలో కంప్యూటర్ మిషన్ మీద పూలు చెక్కిన తలుపులు చూస్తే బెంగగా ఉంటోంది. ఒకరోజు గుమ్మానికి కుసి (ఇంకో చెక్క తొర్రలో బిగిసేలా చెక్కే కొస) తీస్తుంటే "పుస్తకంలో ఇంకోలా ఉంది బాబాయ్" అన్నాను. గుమ్మం చేయించుకుంటున్న ఆసామి పక్కనే ఉన్నాడు. "ఏటిరా, గుమ్మం నువ్వు చేస్తావా, నీ పుస్తకం చేస్తాదా?" అని కసిరారు. అప్పట్నుంచి నాకు చిత్రిక పట్టడం, ఉప్పు కాగితం రుద్దడం తప్ప ఇంకో పని ఇవ్వడం లేదు. అడిగితే చెప్పరు, "చూసుకో" అంటారు. పుస్తకాలతో పని రాదా? వస్తే ఏవి చదవాలి? పదివేల గంటలు చేస్తే ఎవరైనా నిపుణులైపోతారంటారు, నిజమేనా? (పేరు వద్దన్న పాఠకుడు, విజయనగరం జిల్లా)

సమాధానం: బాబూ, ముందు మీ బాబాయ్ కోపం సంగతి చూద్దాం. ఆయన కసిరింది పుస్తకాన్ని కాదు. డబ్బిచ్చి గుమ్మం చేయించుకునే మనిషి ఎదుట నువ్వు ఆయన పనిని అనుమానించావు. ఆ ఆసామి రేపు ఊళ్లో "కుర్రాడే తప్పు పట్టాడు" అంటే పోయేది ఆయన పేరు. అదే మాట సాయంత్రం పనిముట్లు సర్దేటప్పుడు, "బాబాయ్, కుసి ఇంత మందమే ఎందుకుంచారు?" అని అడిగి ఉంటే జవాబు వచ్చేది. కాకపోతే రెండు ముక్కల్లో వచ్చేది. నువ్వు అడిగిన తీరులో తప్పుంది గానీ అడగాలనిపించడంలో లేదు. అది పోగొట్టుకోకు.

చిత్రిక పట్టడం శిక్ష అనుకుంటున్నావు. నేను ఐటీఐలో వడ్రంగం చెప్పినవాణ్ణి. చిత్రిక రాని కుర్రాడి చేతికి ఉలి ఇచ్చేవాణ్ణి కాదు. చెక్కను చదవడం అక్కడే వస్తుంది. రేపు ఒక టేకు పలక తీసుకుని చిత్రిక పట్టే ముందు పక్క అంచు చూడు. నార గీతలు అడ్డంగా తిన్నగా ఉండవు, ఒక వైపుకి ఎక్కుతూ పైముఖానికి వచ్చి తెగుతాయి. అవి ఎక్కే వైపుకే చిత్రిక తొయ్యాలి. ఎదురు తోస్తే బ్లేడు నార కిందికి దూరి పెచ్చు లేపుతుంది. ముడి ఉన్నచోట గీతలు చుట్టూ తిరుగుతాయి కాబట్టి అక్కడ ఒకే పలకలో దిక్కు రెండుసార్లు మారుతుంది. ఇదంతా పుస్తకాల్లో బొమ్మలతో సహా ఉంది, నువ్వు చదివే ఉంటావు. మీ బాబాయ్ మాత్రం అంచు చూడరు. అరచేత్తో ఒక్కసారి నిమిరి పలకను ఇటు తిప్పి పెడతారు. అరచేతికి ఒక వైపు నున్నగా, రెండో వైపు గరుగ్గా తగులుతుంది. నువ్వు ముందు అంచు చూసి దిక్కు అనుకో, తర్వాత నిమిరి సరిచూసుకో. కొన్నాళ్లకి అంచు చూడాల్సిన పని ఉండదు. పుస్తకం చేసే సాయం ఇదే. చేతికి తెలియాల్సింది ఎక్కడ వెతుక్కోవాలో కంటికి చూపిస్తుంది. వెతుక్కోవడం మాత్రం చెయ్యే చెయ్యాలి.

"చూసుకో" అనే మాట మీద నీకు కోపం ఉంది. ఆయన దాచుకుంటున్నారని అనుకోకు. మైకేల్ పొలాన్యీ అనే ఆలోచనాపరుడు 1966లో అచ్చయిన ఒక చిన్న పుస్తకంలో, మనకు తెలిసినది మనం చెప్పగలిగినదానికంటే ఎక్కువ అన్నాడు. మన జిల్లాల్లో దీనికి సాక్ష్యం వెతకనక్కర్లేదు. పొందూరులో సన్న ఖాదీ నూలు వడికే ఆడవాళ్లు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకున్న సన్నటి పళ్ల వరసలో పత్తి పోగులు సాఫవుతాయి, నలకలు రాలిపోతాయి. ఎంత ఒత్తి దువ్వాలి, ఎప్పుడు ఆపాలి అని అడిగిచూడు. నవ్వి, దవడ నీ చేతిలో పెడతారు. ఆ నవ్వులో దాపరికం ఏమీ లేదు.

ఇక పుస్తకాలు. నీ జాబితా చూశాను. అందులో ఎక్కువ భాగం "నైపుణ్యం సాధించడం ఎలా" అని ఊరించే రకం. వాటి మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. చదివిన రాత్రి ఏదో సాధించినట్టు ఉంటుంది, పొద్దున చిత్రిక పట్టుకుంటే చెయ్యి నిన్నటిలాగే ఉంటుంది. మంచి పుస్తకం మరునాటి పనికి ఒక ప్రశ్న ఇచ్చి పంపుతుంది. ఇవ్వకపోతే అటక మీద పెట్టు.

ఆ లెక్కన నేను నీ చేతిలో పెట్టే మొదటి పుస్తకం జార్జ్ స్టర్ట్ రాసిన "ద వీల్‌రైట్స్ షాప్". 1923లో వచ్చింది. ఇతనిదీ నీలాంటి కథే. ఇంగ్లండ్‌లో సర్రే కౌంటీలోని ఫార్నమ్ అనే ఊరిలో వాళ్ల కుటుంబానికి బండ్లు, చక్రాలు చేసే దుకాణం ఉండేది. ఇతను బడిపంతులు. 1884లో తండ్రి పోవడంతో దుకాణం మీద పడింది, పనేమో తెలియదు. కింద పనిచేసే ముసలి పనివాళ్లకి తెలుసు. యజమాని అయి ఉండి వాళ్ల దగ్గరే నేర్చుకున్నాడు. పుస్తకం నిండా ఆ పనివాళ్ల మీద గౌరవం, తనకు పూర్తిగా అబ్బలేదన్న దిగులు ఉంటాయి. ఇరుసు దూరే నడిమి మొద్దుకి ఎల్మ్ చెక్క వాడేవారు, ఎందుకంటే దాని నార ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉండి, ఆకులు (మొద్దు నుంచి అంచుకి పోయే కమ్ములు) దిగ్గొట్టినా చీలదు. ఆకులకి ఓక్. అదీ రంపంతో కోసింది కాదు, నార వెంట చీల్చింది. రంపం నారను తెంపుతుంది, చీల్చితే నార ఆ కొస నుంచి ఈ కొస దాకా తెగకుండా ఉంటుంది, బరువు మోస్తుంది. ఆకుల పైన చుట్టూ అంచుగా ఉండే పూటీలకి ఆష్. మూడు పనులకి మూడు చెట్లు.

అందులో నాకు బాగా నచ్చిన భాగం చక్రం పళ్లెంలా కాస్త లోతుగా ఎందుకుంటుందన్న చర్చ. పనివాళ్లందరూ అలాగే చేస్తారు, ఎందుకని అడిగితే అలాగే ఉండాలంటారు. స్టర్ట్‌కి చాలాకాలం అంతుపట్టలేదు. చివరికి గుర్రం నడకలో దొరికింది. అడుగడుక్కీ గుర్రం ఒళ్లు ఇటూ అటూ ఊగుతుంది, దాంతో బండిలో బరువు ఒకసారి ఈ చక్రం మీదికి, ఒకసారి ఆ చక్రం మీదికి పక్కగా తోస్తుంది. బల్లపరుపు చక్రమైతే ఆ పక్క తోపుకి ఆకులు వదులైపోతాయి. చూశావా, పనివాళ్ల చేతికి జవాబు తెలుసు, కారణం తెలియదు. స్టర్ట్ కారణం కనిపెట్టాడు, అయినా వాళ్లంత బాగా చక్రం చెయ్యలేకపోయాడు. నువ్వు ఈ రెండింటి మధ్యా నిలబడి ఉన్నావు. మీ చుట్టుపక్కల తుమ్మ చెక్కతో ఎడ్లబండి చక్రం చేసిన పెద్ద మేస్త్రి ఎవరైనా ఉంటే, ఈ పుస్తకం చదివాక ఆయన దగ్గరికి వెళ్లు. అడగడానికి నీ దగ్గర బోలెడు ప్రశ్నలుంటాయి.

రెండోది డేవిడ్ పై (Pye) అనే ఆయన రాసిన "ద నేచర్ అండ్ ఆర్ట్ ఆఫ్ వర్క్‌మన్‌షిప్", 1968. పనితనం స్వభావం గురించి. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో ఫర్నిచర్ డిజైన్ చెప్పేవాడు, తన చేత్తో చెక్క గిన్నెలు, డబ్బాలు చేసేవాడు. పనిని రెండుగా చూడమంటాడు. ఒక రకంలో ఫలితం ముందే ఖాయమైపోయి ఉంటుంది, యంత్రం మీట నొక్కితే వెయ్యో ముక్క కూడా మొదటి ముక్కలాగే వస్తుంది. రెండో రకంలో చివరి క్షణం దాకా పని చెడిపోయే ప్రమాదం ఉంటుంది. నువ్వు రంపంతో కుసి కోసేటప్పుడు ప్రతి కోతా ఆ ప్రమాదంలోనే ఉంటుంది. చెయ్యి గొప్పది, యంత్రం నీచం అనే వాదన ఇతనిది కాదు, అందుకే ఇష్టం. మీ బాబాయ్ వాడే మూలమట్టం, రంపానికి ఆనించే చెక్కముక్క, ఇవన్నీ ప్రమాదాన్ని తగ్గించుకునే ఏర్పాట్లే. చిత్రిక అడుగు చదునుగా ఉండటమూ అందుకే. విజయనగరంలో కంప్యూటర్ మిషన్ మీద పూలు చెక్కిన తలుపులు చూసి నీకు బెంగగా ఉందని రాశావు. ఈ పుస్తకం చదివాక ఆ తలుపుని ఇంకోసారి చూడు. ఏది ముందే ఖాయమైంది, ఏది మనిషి చేతికి వదిలేశారు అని చూస్తే, గుమ్మానికి తలుపు కూర్చేచోట, బందులు బిగించేచోట మేస్త్రి అవసరం ఇంకా అలాగే ఉందని తెలుస్తుంది.

రిచర్డ్ సెన్నెట్ "ద క్రాఫ్ట్స్‌మన్" (2008) పెద్దది, అక్కడక్కడా సాగదీత కూడా. అంతా చదవకపోయినా కార్ఖానా గురించిన అధ్యాయం చదువు. వయొలిన్లు చేసిన స్ట్రాడివారి సంగతి అందులో వస్తుంది. 1737లో ఆయన పోయాక, అదే ఇంట్లో పక్కనే పనిచేసిన కొడుకులు ఆ పనిని అదే స్థాయిలో నిలపలేకపోయారు. ఆయన చేతిలో ఉన్నదేదో మాటల్లోకి రాలేదు, కొడుకుల చేతుల్లోకీ పోలేదు. ఇది చదివిన వారంలోనే ఒక ఆదివారం బొబ్బిలి దగ్గర గొల్లపల్లి వెళ్లిరా. పనస మొద్దుని తొలిచి కుండ, దండి ఒకే చెక్కలోంచి తీసే వీణలు చేస్తారు అక్కడ. ఇరవై నాలుగు మెట్లని మైనంలో ఒక్కొక్కటీ చెవితో శ్రుతి చూసుకుంటూ నిలబెట్టడం చూడు. ఏమీ అడగొద్దు, పూట కూర్చో. వచ్చాక ఆ అధ్యాయం మళ్లీ చదువు.

మాథ్యూ క్రాఫర్డ్ పుస్తకం (2009) నీ దగ్గర ఉందన్నావు. రాజకీయ తత్వశాస్త్రంలో డాక్టరేట్ చేసి, ఉద్యోగం వదిలి, మోటార్‌సైకిళ్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్న మనిషి. మంచి పుస్తకమే. నువ్వు ఆఫీసు వదలక ముందైతే చదవమనేవాణ్ణి. వదిలేశావు కదా, ఇప్పుడెందుకు?

ఆనంద కుమారస్వామి 1909లో రాసిన "ది ఇండియన్ క్రాఫ్ట్స్‌మన్" చిన్న పుస్తకం, కాపీరైట్ తీరిపోయింది, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతుంది. మన పనివాళ్లని అంత గౌరవంగా రాసినవాళ్లు ఆ కాలంలో తక్కువ. కానీ కళ్లు తెరుచుకుని చదువు. తండ్రి నుంచి కొడుక్కి, కులంలోనే సాగే వృత్తిని ఆయన బాగా మెచ్చుకుంటాడు. ఆ గీతకి అవతల ఉన్నవాళ్ల సంగతేమిటన్నది నాకు ఆ మెప్పులో కనిపించలేదు. మా ఇంటావంటా లేదని రాశావే, ఆ మాట నీతో ఎవరో అనిపించారు. ఐటీఐలో నా దగ్గర చదివినవాళ్లలో అన్ని కులాల పిల్లలూ ఉన్నారు. ఉలి పట్టుకున్న చెయ్యి ఎవరిదని చెక్క అడగదు.

ఇవన్నీ ఇంగ్లండు, అమెరికా సరుకు. ఒక జాగ్రత్త చెప్పకపోతే మళ్లీ మీ బాబాయ్‌తో గొడవ తెచ్చుకుంటావు. ఆ పుస్తకాల్లో చెక్క ఎంత ఆరాలి, పలకల మధ్య ఎంత సందు వదలాలి అని అంకెలు ఉంటాయి. అవి చలికాలంలో ఇల్లంతా వెచ్చబెట్టుకునే దేశాలవి, అక్కడ గదుల్లో గాలి బాగా పొడిగా ఉంటుంది. మన సముద్రం గాలికి చెక్క అంత పొడిగా ఎప్పుడూ ఉండదు. చెక్క పొడవునా దాదాపు పెరగదు, అడ్డంగా పెరుగుతుంది. మే నెల ఎండల్లో సరిగ్గా అతికినట్టు కూర్చిన తలుపు, వానలు దిగాక ఉబ్బి గుమ్మానికి పట్టేస్తుంది. అందుకే వేసవిలో తలుపు బిగించే మేస్త్రి సందు ఎక్కువ వదులుతాడు, వానాకాలం చివర బిగిస్తే తక్కువ వదులుతాడు. పుస్తకంలో కారణం తీసుకో, కొలత మాత్రం మీ బాబాయ్ దగ్గర తీసుకో. నువ్వు ఆ రోజు చెప్పబోయిన కుసి కొలత కూడా ఇలాంటిదే అయి ఉండొచ్చు.

పాఠంలా వరసగా కావాలంటే చెన్నైలోని నిమి సంస్థ ఐటీఐల కోసం వేసే కార్పెంటర్ ట్రేడ్ పుస్తకాలు ఉన్నాయి, థియరీ ఒకటి, ప్రాక్టికల్ ఒకటి. ఏడాది కోర్సుకి రాసినవి. కేంద్రం వారి భారత్ స్కిల్స్ పోర్టల్ కూడా చూడు. అందంగా ఏమీ ఉండవు, కానీ పనిముట్టు భాగాలు, కోణాలు, జాయింట్ల బొమ్మలు తప్పుల్లేకుండా ఉంటాయి. మిగతావాటికంటే ముందు ఇవి తెచ్చుకో.

పదివేల గంటల సంగతి. ఆండర్స్ ఎరిక్సన్ బృందం 1993లో వెలువరించిన పరిశోధన దీనికి మూలం. బెర్లిన్ సంగీత కళాశాల వయొలిన్ విద్యార్థుల్ని చూశారు. అందరికంటే బాగా వాయించేవాళ్లు ఇరవయ్యేళ్లు వచ్చేసరికి సగటున పదివేల గంటలకు పైగా ఒంటరిగా సాధన చేశారని తేలింది. అది సగటు, అంతే. అన్ని గంటలు నిండగానే నిపుణుడైపోతాడని వాళ్లు అనలేదు. 2008లో వచ్చిన ఒక పాపులర్ పుస్తకం దాన్ని సూత్రంలా చేసింది, ఎరిక్సన్ తర్వాత అభ్యంతరం కూడా చెప్పాడు. ఆయన లెక్క గంటలది కాదు. చేతకాని చోటు ఏదో పట్టుకుని, గురువు చెప్పిన విధంగా దాని మీదే పనిచేసి, ఎక్కడ తప్పిందో వెంటనే తెలుసుకోవడం. నువ్వు దసరా నుంచి రోజూ ఒకేలా చిత్రిక పడుతుంటే గంటలు పెరుగుతాయి, పని పెరగదు.

ఉదాహరణకి ఉలి నూరడం తీసుకో. దీన్ని ఒక నెల పట్టు. ఉలి వీపు నూనె రాయి మీద బల్లపరుపుగా పెట్టి రుద్దు, కొన దగ్గర అద్దంలా మెరవాలి. తర్వాత ఏటవాలు ముఖం, ఇరవై అయిదు ముప్ఫై డిగ్రీల మధ్య, మణికట్టు ఊగకుండా. ఊగితే అంచు గుండ్రమవుతుంది, అదే కొత్తవాళ్ల జబ్బు. చాలినంత నూరాక వీపు వైపు బొటనవేలు అడ్డంగా బయటికి లాగితే సన్నటి రేకు తగులుతుంది. అంచు పొడవునా తగిలితేనే రాయి అంచు దాకా చేరినట్టు. వీపు మళ్లీ ఒకసారి రాయికి ఆనించి ఆ రేకు తీసెయ్యి, తోలు మీద నాలుగు సార్లు లాగు. ఇప్పుడు మెత్తటి చెక్కముక్క కొస నిలువునా పట్టుకుని నారకి అడ్డంగా చెక్కు. గట్టి చెక్క కొస మొండి ఉలికి కూడా తెగుతుంది, మెత్తటిదే అసలు పరీక్ష. పొడిపొడిగా నలిగిందంటే పదును లేదు. నున్నగా మెరుస్తూ తెగితే ఉంది. ఎవరూ చెప్పనక్కర్లేదు, చెక్కే చెబుతుంది. అలా తెగిన ముక్కని మీ బాబాయ్ కంట పడేలా బల్ల మీద వదిలెయ్యి, నోరెత్తకు.

ఇంకో పని. ఒక నోటుబుక్ పెట్టు. దుకాణంలో తియ్యకు, ఇంటికొచ్చాక రాయి. ఆ రోజు ఏ చెక్క, ఎంత మందం, ఆయన దేనికి ఎంత వదిలారు, ఎందుకని నువ్వనుకుంటున్నావు, పక్కన చేతిబొమ్మ. మన పనివాళ్ల విద్య మాటల్లోకి రావడం అరుదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూరా రైతుల్ని అడిగించి సేకరించిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం 1962లో, చేనేతది 1971లో వచ్చాయి. ఇంటి నిర్మాణం మాటల్ని బూదరాజు రాధాకృష్ణగారు కూర్చారు. పాత గ్రంథాలయాల్లో అడుగు, నీ పనికి నేరుగా ఉపయోగపడుతుంది. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం పెట్టి తెలుగు కథలన్నీ ఒక కప్పు కిందికి చేర్చారు. మన వడ్రంగుల పనికి అలాంటి చోటు కావాలని నాకు చాలాకాలంగా ఉంది. నీకు బీఎస్సీ చదువు ఉంది, రోజూ మేస్త్రి పక్కన నిలబడే వీలుంది. ఈ రెండూ ఒకే మనిషికి దొరకడం నేను ఎక్కువ చూడలేదు.

చివరగా, మీ బాబాయ్ పీఎం విశ్వకర్మలో నమోదయ్యారో లేదో కనుక్కో. 2023 సెప్టెంబరులో మొదలైన పథకం, పద్దెనిమిది వృత్తుల్లో వడ్రంగం ఉంది. శిక్షణ రోజుల్లో రోజుకి 500 రూపాయలు, పనిముట్లకి 15,000 రూపాయల దాకా సాయం. నమోదు కామన్ సర్వీస్ సెంటర్‌లో. ఫారాలంటే చాలామంది మేస్త్రులు వెనకాడతారు. నువ్వు ఆయన వెంట వెళ్లి, ఆధార్, బ్యాంకు కాగితాలు సర్ది పెట్టి, దగ్గరుండి చేయించు. ఆ దారిలో కుసి కొలత గురించి అడగొచ్చు, అక్కడ ఆసామి ఎవరూ ఉండరు.

స్టర్ట్ పుస్తకం ఆ తర్వాత తెప్పించుకో. ముందు నూనె రాయి కొను.